12 ఏళ్ల పిల్ల వెళ్లగలిగే దారి

భద్రాచలం నుంచి చర్లకు సుమారు 60 కిలోమీటర్లు. గోదావరి ఎగువకు పోయే దారి ఇది. ఎడమ పక్కన కనిపిస్తూ మరుగవుతూ నది, దాని ఒడ్డున మిరప చేలు, కుడి పక్కన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా అడవి, మధ్యలో తాటిచెట్లు, కోయగూడేలు. దుమ్ముగూడెం ఆనకట్ట, పర్ణశాల, తాలిపేరు ప్రాజెక్టు దారి మీదనో, దారికి కాస్త పక్కగానో తగులుతాయి. తీరిగ్గా తొక్కినా అయిదు గంటల్లో చేరిపోవచ్చు. తెలంగాణలో సైకిల్ యాత్రకు ఒక దారి గీయమని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది దీన్నే. అయితే చూడచక్కని చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద ఒక గీత గీసినంత మాత్రాన అది సైకిల్ దారి అయిపోదు. చూసిపోయే వాళ్ల కన్నుతో దారిని ఎంచుకోవడం దగ్గరే చాలామంది పొరపడుతున్నారని నా నమ్మకం. ఆ దారి పక్క ఊళ్లో ఉండే 12 ఏళ్ల పిల్ల బడిసంచి తగిలించుకుని, తోడు లేకుండా, బెదురు లేకుండా తొక్కుకుంటూ పోగలగాలి. అప్పుడే బయటివాళ్లను పిలవడానికి ఆ దారి తగినదవుతుంది.

ఈ కొలత నేను పుట్టించింది కాదు. సైకిల్ యాత్రలకు పేరుపడ్డ ఇంగ్లండ్ నలభై ఏళ్ల అనుభవం మీద నేర్చుకున్నది. అక్కడ సైకిల్ యాత్రికుల సంఘం 1878లోనే పుట్టింది. మంచి రోడ్లు కావాలని గట్టిగా అడిగిన తొలి బృందాల్లో సైకిల్ వాళ్లు ఉన్నారు. వాళ్లు అడిగి వేయించుకున్న రోడ్ల మీదికే తర్వాత కార్లు వచ్చి, వాళ్లనే పక్కకు నెట్టేశాయి. 1977లో బ్రిస్టల్‌లో కొందరు చేరి, మూతపడ్డ బ్రిస్టల్-బాత్ రైలు మార్గాన్ని సైకిల్ బాటగా మార్చే పని మొదలుపెట్టారు. ఆ బృందమే తర్వాత సస్‌ట్రాన్స్ అనే సంస్థ అయింది. 1995లో జాతీయ లాటరీ నిధుల నుంచి 4.25 కోట్ల పౌండ్లు అందడంతో దేశమంతా సైకిల్ దారులు అల్లుకుపోయాయి. పటం చూస్తే ముచ్చటేసేది. కానీ 2018లో ఆ సంస్థ తన దారులన్నిటినీ తానే పరీక్షకు పెట్టింది. బుద్ధిగా తొక్కే 12 ఏళ్ల పిల్లో పిల్లాడో క్షేమంగా వెళ్లగలిగే దారి ఎంత అని లెక్క తీస్తే, నెగ్గింది 54 శాతమే. మిగతాదంతా బళ్ల రద్దీ ఉన్న రోడ్ల మీద, అడ్డంకుల మధ్య పోతోందని తేలింది. 2020లో ఆ సంస్థ దాదాపు నాలుగోవంతు దారిని తన పటం నుంచి తీసేసింది, లేదా ఆ హోదా తగ్గించింది. ఎన్ని మైళ్లు వేశామో చెప్పుకుని మురిసిపోవడం ఏ సంస్థకైనా తేలిక. వేసినదాన్లో పనికిరానిది ఇదీ అని ఒప్పుకుని తీసేయడం కష్టం. ఆ కష్టమైన పని చేసినందుకే ఆ కొలతను నేను నమ్ముతున్నాను.

ఇంగ్లండ్‌లోనే నార్ఫోక్ కౌంటీని చూడండి. పెద్ద కొండలు లేవు, జలపాతాలు లేవు, అంతా పొలాలు, చర్చి గోపురాలు, ఇరుకు దారులు. అయినా సైకిల్ తొక్కేవాళ్లకు అది ఇష్టమైన చోటు. నార్విచ్ నుంచి ఐల్‌షామ్ దాకా 26 మైళ్ల పొడవున ఉన్న మారియట్స్ వే అనే బాట ఒకప్పటి రైలు కట్టే. రైలు నడవాలంటే చదును దారి కావాలి కాబట్టి, పట్టాలు తీసేసిన తర్వాత అదే సైకిల్‌కు కుదిరింది. ఇదే కౌంటీలోనూ కెంట్‌లోనూ కొన్ని పల్లె దారులను ప్రశాంత దారులుగా గుర్తించి ప్రయోగం చేశారు. నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు, బళ్లు అన్నీ కలిసి వాడుకునే దారులవి. కారు రావచ్చు, కానీ దూసుకుంటూ రాకూడదు. 2000 నాటి రవాణా చట్టంలో వీటికి చోటిచ్చారు. కొత్త రోడ్డు వేయలేదు, కొండ తవ్వలేదు, ఉన్న దారిలో వేగానికి కళ్లెం వేశారు. అందుకే అక్కడి అందం నార్ఫోక్ మట్టిలో ఎంత ఉందో, వెనక నుంచి ఏ బండీ మీదికి రాదన్న ధీమాలో అంతకన్నా ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూసుకుంటూ తొక్కేవాడికి గోదావరైనా కనబడదు.

చర్లలో రైలు కట్ట లేదు. భద్రాచలం రోడ్డు అనే రైలు స్టేషన్ కూడా కొత్తగూడెంలో ఉంది, అది భద్రాచలానికి అవతల 40 కిలోమీటర్లు. కానీ రైలు కట్టకు సాటివచ్చేది చర్లకు ఉంది. అది తాలిపేరు కాల్వ గట్టు. పెదమిడిసిలేరు దగ్గర తాలిపేరు వాగు మీద 25 గేట్లతో కట్టిన మధ్యతరహా ప్రాజెక్టు నుంచి చర్ల, దుమ్ముగూడెం మండలాల పొలాలకు నీళ్లు పోతాయి. నీరు తనంత తాను పారాలి కాబట్టి కాల్వ తవ్వేవాళ్లు నేల వాలును ఎంతో జాగ్రత్తగా పట్టుకుంటారు. కాల్వ వెంట పోయే గట్టుకు కూడా ఆ వాలే వస్తుంది. అంటే ఎత్తులెక్కే పని ఉండదు, ఒక పక్క ఎప్పుడూ నీళ్లు, ఇంకో పక్క వరి. దారి ఎంచుకునేవాళ్లు కళ్లతో కన్నా ముందు పిక్కలతో ఆలోచించాలంటారు, గట్టు దగ్గర రెండూ ఒకే మాట చెబుతాయి. నేల సంగతి కూడా చూడాలి. గోదావరి ఒడ్డున మిరప పండే నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, వాన పడితే చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుపోతుంది, సైకిల్‌ను భుజానికెత్తుకోవాల్సిందే. గట్టు మీద మొరం పరిచిన చోట ఆ బాధ తక్కువ. కాబట్టి ఏటి ఒడ్డు బాట చలికాలానికి, గట్టు బాట మిగతా రోజులకు అని విడదీసుకోవడం మేలు. దుమ్ముగూడెం దగ్గర ఇంకో పాత ఆస్తి ఉంది. 1860లలో కెప్టెన్ హేగ్ పర్యవేక్షణలో గోదావరి మీద పడవల రాకపోకల కోసం ఇక్కడ ఆనకట్ట, లాకులు, పడవల కాల్వ కట్టారు. మధ్య భారతం నుంచి పత్తిని సముద్రానికి చేర్చాలన్న ఆ పథకాన్ని 1871లో మధ్యలోనే వదిలేశారు. పడవ నడిచేంత మెల్లగా లోకం కదిలిన రోజుల గుర్తు అది. దాన్ని చూడటానికి సైకిల్ వేగమే సరైనదని నా అభిప్రాయం.

మరి ఆ 12 ఏళ్ల పిల్ల సంగతి? సైకిల్ ఆమెకు ఏం చేస్తుందో చెప్పడానికి ఊహలక్కర్లేదు. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్ పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని లెక్కగట్టారు. ఉన్నత పాఠశాలలో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలోనే ఈ మార్పు ఎక్కువగా కనిపించింది. అంతకు ముందే, 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్లు వేలకు వేలుగా సైకిల్ నేర్చుకున్నారు. చర్ల మండలంలో గూడేలు ఒకదానికొకటి ఎడంగా, వాగుల మధ్య ఉంటాయి. పై తరగతులకు రాగానే పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వెళ్లిపోవడానికి చాలా కారణాలున్నాయి. ఇంటి నుంచి బడికి రోజూ వెళ్లివచ్చే దారి లేకపోవడం వాటిలో ఒకటి. గట్టు మీద నాలుగు కిలోమీటర్లు తొక్కడానికి వీలుగా ఉంటే, కొన్ని ఇళ్లలోనైనా పిల్ల పొద్దుగూకేసరికి అమ్మ దగ్గరికి వస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చే యాత్రికుడి ఆనందం కన్నా ఇది నాకు ముఖ్యం. ఈ రెండింటికీ పోటీ కూడా లేదు, పిల్లకు సరిపోయిన దారి యాత్రికుడికి ఎలాగూ సరిపోతుంది. యాత్రికుడి కోసం వేసిన దారి పిల్లకు సరిపోతుందన్న భరోసా మాత్రం లేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో అన్నిటికన్నా బరువైనది ఇసుక లారీల గురించి. గోదావరి ఇసుక రీచ్‌ల నుంచి బయల్దేరే లారీలు చర్ల, వెంకటాపురం రోడ్డును ఎలా చేశాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ రోడ్డు మీద పిల్లను సైకిల్ ఎక్కించమనడం బాధ్యత లేని మాట, నేను అనను. అందుకే ప్రధాన రోడ్డును సైకిల్ దారిగా చూపించకూడదంటున్నాను. ఇంగ్లండ్‌లో పటం నుంచి తీసేసినవి కూడా సరిగ్గా ఇలాంటి రోడ్లే. అయితే గట్టు దారికి చేరాలన్నా ఎక్కడో ఒకచోట ఆ రోడ్డు దాటాలి, కొంత దూరం దాని మీదే పోవాలి. ఆ కాస్త దూరంలో బడి మొదలయ్యే వేళ, వదిలే వేళ లారీలను ఆపడం అసాధ్యమేమీ కాదు. పట్నాల్లో భారీ వాహనాలకు వేళలు పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే, పల్లె పిల్లలకు మాత్రం అది ఎందుకు దక్కకూడదు? డబ్బులెక్కడివి అంటారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడతో 23 కిలోమీటర్ల సైకిల్ బాటను 2023 అక్టోబరులో ప్రారంభించారు. చర్లకు అంతటి కట్టడం అక్కర్లేదు. గట్టు కోసుకుపోయిన చోట మట్టి, తూముల మీద చిన్న పలకలు, లారీలకు ఒక వేళ, అంతే.

భద్రత మాట ఇంకొకటి. ఈ సరిహద్దు అడవి దశాబ్దాలుగా తుపాకుల మధ్య నలిగింది. 2024లో వాజేడు మండలం కొంగాల అడవిలో మందుపాతర పేలి అడవికి వెళ్లిన స్థానికుడు చనిపోయాడు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద మావోయిస్టులపై భద్రతా బలగాల భారీ ఆపరేషన్ జరిగింది. బయటివాడిని సైకిలిచ్చి అడవి బాట పట్టించడం అవివేకం. నేను చెబుతున్న దారి కాల్వకూ నదికీ మధ్యనున్న సాగు నేలల్లోది, రోజూ రైతులు, కూలీలు తిరిగేది. దాని హద్దు ఎక్కడ ఆగాలో పర్యాటక శాఖ కన్నా గూడెం వాళ్లకే బాగా తెలుసు. గూడేలు సంతలో బొమ్మల్లా చూసే వస్తువులైపోతాయన్న భయం కూడా సహేతుకమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయలేం. చర్ల షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం వల్ల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు, 1996 పెసా చట్టం గ్రామసభకు తన మాట చెప్పే హక్కు ఇచ్చింది. దారి ఏ ఊరి గుండా పోవాలి, ఏ ఊరికి దూరంగా పోవాలి, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తునికాకు కల్లాల వేళ బయటివాళ్లు రావచ్చా వద్దా అన్నది గ్రామసభే తేల్చాలి. వద్దంటే ఆ ముక్క పటంలో ఉండకూడదు. పిల్ల బడికి పోవడానికి మాత్రం ఆ గట్టు ఎలాగూ బాగుచేయాల్సిందే.

ఎండా వరదా ఎవరి వాదనా కాదు, లెక్కలోకి తీసుకోవాల్సిన వాస్తవం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అలాంటి రోజుల్లో చర్ల రోడ్డే నీళ్లలో ఉంటుంది, సైకిల్ మాటే లేదు. యాత్రకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం, జనవరి నుంచి మిరప కల్లాలు కూడా ఎర్రగా పరిచి ఉంటాయి. మోటారు సైకిళ్లు వచ్చాక సైకిల్ ఎవరికి కావాలన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది. ఆ తర్వాత బళ్లు పెరిగాయి, నిజమే. కానీ 12 ఏళ్ల పిల్లకు లైసెన్సు ఇచ్చే చట్టం ఎక్కడా లేదు, ఇంట్లో బండి ఉన్నా అది నాన్నతోనో అన్నతోనో పోతుంది. అందుకే మొదటి పనిగా తాలిపేరు కాల్వ గట్టును నీటిపారుదల శాఖవాళ్లు, బడి పంతుళ్లు, గూడెం పెద్దలు కలిసి ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవాలి. ఎక్కడ కోసుకుపోయింది, ఎక్కడ తుప్పలు కమ్మాయి, ఏ తూము దగ్గర సైకిల్ దిగాలి, ఎక్కడ రోడ్డు దాటాలి అని రాసుకోవాలి. వచ్చే జూన్‌లో బళ్లు తెరిచే లోపు ఆ పనులు పూర్తయితే, ఆ చలికాలానికి పటం గీయడం మొదలుపెట్టవచ్చు.