ట్రాక్టరు కాలంలో ఎడ్లు తోలేవాళ్లు

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు సంక్రాంతికో తిరునాళ్లకో ఎడ్ల బండలాగుడు పోటీ పెట్టారంటే చాలు, జనం విరగబడతారు. అందరి కళ్లూ ఒంగోలు గిత్తల మీదే. తోలేవాణ్ణి పట్టించుకునేవాళ్లు తక్కువ. నాకు మాత్రం అసలు విద్య అతని దగ్గరే కనిపిస్తుంది. ఎందుకంటే బరిలో అదిలింపులు వేసే కుర్రాళ్లలో చాలామంది ఇంటి దగ్గర దున్నేది ట్రాక్టరుతోనే.

ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ఎస్టేటులో 1993 నుంచి జరిగే ఉత్సవంలోనూ ఇలాంటిదే చూస్తాం. మన కరుణ్ చాందోక్ వంటి ఈనాటి ఫార్ములా వన్ తరం డ్రైవర్లు అక్కడ తాతల నాటి రేసు కార్లు నడుపుతారు. 1950ల నాటి మాసెరాటి 250ఎఫ్‌లో యాక్సిలరేటర్ మధ్యలో ఉంటుంది, బ్రేకు కుడి పక్కన. ఎంతటి మొనగాడైనా కాలికి మళ్లీ ఓనమాలు దిద్దించాల్సిందే. ట్రాక్టరు తోలిన చేతికీ పగ్గం దగ్గర అదే పరీక్ష. స్టీరింగు తిప్పితే బండి తిరుగుతుంది. గిత్త ముందు వినాలి, ఆపైన ఒప్పుకోవాలి.

పోటీలో గిత్తల్ని పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సేద్యపు ఎడ్లు, సీనియర్లు. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు కాబట్టి కింది పెదవి లాగి చూస్తారు. రెండేళ్లు దాటాక మొదటి జత పాలపళ్లు రాలి పెద్దవి వస్తాయి. ఒక్కో విభాగానికీ ఒక్కో బరువు బండ. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత.

కదిలే బండకన్నా ఆగిన బండ మొండిది. అందుకే మొదటి ఊపు రెండు గిత్తలూ ఒక్కసారే ఇవ్వాలి. వలపటది ముందుకు దూకి దాపటది వెనకబడితే కాడి వాలిపోతుంది, అప్పుడు బలం లాగడానికి కాక ఒకదాన్నొకటి తోసుకోడానికే పోతుంది. కాడి మీద కట్టు ఏ గిత్త వైపు జరిగితే దానికి భారం పెరుగుతుంది. బలమైనదాని వైపు కాస్త జరిపి కట్టడం పాత సేద్యగాళ్లకు తెలిసిన కిటుకు. ఎంత జరపాలన్నది ఏ పుస్తకమూ చెప్పదు, ఆ జతతో కొన్నాళ్లు తిరిగినవాడికే తెలుస్తుంది.

ఇక మలుపు. బరి చివర జతను తిప్పేటప్పుడు లోపలి గిత్త దాదాపు నిలబడిపోవాలి, బయటిది పెద్ద అంగలు వేయాలి. ఒకదాన్ని ఆపుతూ రెండోదాన్ని అదిలించడం, అదీ ఒకే గొంతుతో! తిన్నని దారిలో కూడబెట్టిన సమయమంతా ఇక్కడ ఇట్టే కరిగిపోతుంది. చర్నాకోల గాల్లో చప్పుడు చేయడం వేరు, వీపు మీద పడటం వేరు. వీపు మీద పడుతోందంటే తోలడం రాలేదనే నా లెక్క. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. నురగలు కక్కే గిత్తను ఇంకో పది అడుగులకోసం బాదడం పౌరుషమేమీ కాదు.

ఈ గిత్తల చుట్టాలే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో పెరిగి పెద్ద వ్యాపారమయ్యాయి, కానీ అక్కడ వాటిని పెంచేది ప్రధానంగా మాంసానికి. కాడి కింద వాటి సత్తా ఏమిటో తెలియాలంటే ఇటే రావాలి. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడే పని చేస్తోంది. జాతిని కేంద్రం కాపాడుతుంది సరే, తోలే విద్యను కాపాడుతున్నది ఈ బరులే.

అయితే సగమే కాపాడుతున్నాయి. బండ లాగడానికి కొద్ది నిమిషాల ఉద్ధృతి చాలు. పొద్దుట కట్టిన అరక ఎండెక్కేదాకా ఒకే నడకతో, సాలు తప్పకుండా సాగడం మరో విద్య. ఉలవలు మేపి పోటీకోసమే పెంచిన జతల్లో దాన్ని మరిచినవే ఎక్కువ. కమిటీలవాళ్లు ఒక్క ఏడు బండతోపాటు అరక పోటీ కూడా పెడితే, ఎకరం చెక్కలో తిన్నగా సాళ్లు తోలడానికి ఎంతమంది ముందుకొస్తారో చూడాలని ఉంది.