వెండితెర మీది ఆకాశం

“రోదసిలో గురుత్వాకర్షణ ఉండదు గదా!” అనే మాట కళాశాల విద్యార్థుల నోట నేటికీ వినబడుతూనే ఉన్నది. పాఠ్యగ్రంథంలో అట్లా రాసి ఉండదు. అధ్యాపకుడూ అట్లా చెప్పడు. మరి ఎక్కడిదీ మాట? ఆనవాలు పట్టుకొని పోతే దారి చాలావరకు సినిమాహాలుకే చేరుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ రోదసి కేంద్రం దగ్గర భూమి ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో నూటికి 88 పాళ్ళు ఉంటుంది. కేంద్రమూ, అందులోని మనుషులూ కలిసి భూమివైపు పడుతూనే ఉంటారు. ఐతే పక్కకు సెకనుకు 7.6 కి.మీ. వేగంతో పోతున్నందున ఆ పడడం నేలను చేరదు. తేలడమంటే ఇంతే.

ఈ కొలబద్ద చేతబట్టుకొని కొన్ని చిత్రాలను చూడడం మంచి కాలక్షేపం.

అల్ఫాన్సో క్వరోన్ తీసిన ‘గ్రావిటీ’ (2013)లో మెచ్చుకోదగినది నిశ్శబ్దం. ఉపగ్రహ శకలాలు వచ్చి నౌకను తునాతునకలు చేస్తున్నా చప్పుడు లేదు. గాలి లేనిచోట శబ్దం ఎట్లా ప్రయాణిస్తుంది? చేయి లోహానికి తగిలినప్పుడు మాత్రం ఆ కంపనం తొడుగు గుండా మెల్లగా వినబడుతుంది. పేలుడు దృశ్యమంటే చెవులు దద్దరిల్లాలనుకునే సినిమాలోకంలో ఇది సాహసమే. శకలాల భయమూ కల్పన కాదు. 2021 నవంబరులో రష్యా తన పాత ఉపగ్రహాన్ని తానే క్షిపణితో పగలగొట్టినప్పుడు, రోదసి కేంద్రంలో ఉన్నవారు తమ నౌకల్లోకి పోయి తలదాచుకోవలసి వచ్చింది. కథ ముందు వచ్చింది, వార్త ఎనిమిదేళ్ళకు వచ్చింది.

ఇంత జాగ్రత్త పడ్డ చిత్రమే గుండె పగిలే ఘట్టంలో తప్పటడుగు వేసింది. నాయిక కాలు పారాచూటు తాళ్ళలో చిక్కుకొని ఉన్నది. ఆమె చేతిలోని తాడు చివర సహచరుడున్నాడు. తన బరువు ఆమెను లాగేస్తున్నదన్నట్లుగా అతడు తాడు విడిచి చీకటిలోకి పోతాడు. హాలులో అందరి కళ్ళూ చెమ్మగిల్లుతవి. కాని అతణ్ణి లాగుతున్నదెవరు? కేంద్రమూ, నాయికా, అతడూ ఒకే వేగంతో ఒకే దారిన పడుతున్నారు. తాడు బిగిసి, ఇద్దరూ కేంద్రంతో పోల్చితే నిలిచిపోయిన తరువాత, అతణ్ణి తెచ్చుకోవడానికి చిటికెన వేలితో లాగినా చాలును. తాళ్ళు ఇంకా జారుతున్నవని సమర్థించవచ్చు. తెరమీద మాత్రం ఇద్దరూ కొండచరియకు వేలాడుతున్నట్లే కనబడతారు. ఆకర్షణ “లేదు” అని నమ్మిన ప్రేక్షకుడే ఆ ఆకర్షణ అతణ్ణి లాక్కుపోతున్నదని నమ్మి కంటతడి పెట్టడం విచిత్రం. పైగా అది భూమివైపు కూడా కాదు!

హబుల్ దూరదర్శిని దగ్గరినుంచి రోదసి కేంద్రానికి వీపుమీది చిన్న యంత్రంతో ఎగిరిపోవడమూ అట్లాంటిదే. ఒకదాని కక్ష్య భూమధ్యరేఖకు 28.5 డిగ్రీల వాలులో ఉంటే, రెండవదాని వాలు 51.6 డిగ్రీలు. తలాలు మార్చడానికే, ఎంత అనుకూలంగా లెక్క వేసినా, సెకనుకు 3 కి.మీ. వేగం కావాలి. వీపుమీది యంత్రానికి చేతనయ్యేది సెకనుకు పాతిక మీటర్లు. ఐనా దీన్ని క్షమించవచ్చు. ఈ ప్రయాణం లేకపోతే కథే లేదు.

క్రిస్టఫర్ నోలన్ ‘ఇంటర్‌స్టెలార్’ (2014)కు సలహాదారు కిప్ థార్న్. 2017లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకడు. ఒక గ్రహంమీద గంట గడిస్తే భూమిమీద ఏడేళ్ళు గడుస్తవి. అంటే 61 వేల రెట్లు! దీనికి కృష్ణబిలం తన గరిష్ఠ భ్రమణవేగానికి కోటికోట్లలో ఒక పాలు దూరంలో ఉండాలని థార్న్ లెక్క. తెరమీది బొమ్మకు మాత్రం గరిష్ఠంలో 0.6 వంతు భ్రమణమే వాడారు. మనవైపు వచ్చే పక్క ఎక్కువగా వెలగాలి గదా. ప్రేక్షకుడు తికమకపడతాడని ఆ తేడానూ చెరిపేశారు. 2019లో లోకమంతా చూచిన M87 కృష్ణబిలం చిత్రంలో వలయం ఒకపక్క ప్రకాశవంతంగానే ఉన్నది. సత్యమే అందంగా ఉన్నప్పుడు దాన్ని దిద్దడమెందుకు? ఇంకొకటి: భూమినుంచి లేవడానికి పెద్ద రాకెట్టు కావలసి వచ్చిన నౌక, భూమికన్నా ఆకర్షణ ఎక్కువగా ఉన్న గ్రహంనుంచి ఒంటిగా లేచిపోతుంది. దీని ఊసు ఎవరూ ఎత్తరు.

‘ది మార్షియన్’ (2015) మొదట్లోనే ఒక అబద్ధం ఆడుతుంది. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో అరవయ్యోవంతు ఉంటే ఎక్కువ. గంటకు 160 కి.మీ. పెనుగాలి అక్కడ వీస్తే ఒంటికి తెలిసేది మన 20 కి.మీ. గాలంత, నౌక ఒరగదు. కాని నాయకుణ్ణి ఒంటరిగా వదలాలి గనుక రచయిత ఆండీ వియర్ తెలిసే ఆ తప్పు చేశాడు. ఆ తరువాత లెక్కలు నిజాయితీగా సాగినవి. హైడ్రజీనును విడగొట్టి హైడ్రోజను తీసి, దాన్ని మండించి నీరు చేసి బంగాళాదుంపలు పండించడం రసాయనశాస్త్రానికి కట్టుబడ్డ కథ. అక్కడి మన్నులో విషప్రాయమైన పర్‌క్లోరేటులున్నవని 2008లో ఫీనిక్స్ నౌక కనుగొన్నది. అవి నీటితో కడిగితే కరిగిపోయేవే గనుక పంట అసాధ్యమనలేము. మూడు చిత్రాలలోనూ విద్యార్థికి చూపదగినది ఇదే.

తెలుగులో సంకల్ప్ రెడ్డి ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ (2018) ఉన్నది. మన భాషలో ఇట్లాంటి ప్రయత్నం చేయడమే ఒక పెద్ద పని. చూచినవారు ఎగతాళి చేయవలసిన అవసరం లేదు. ఐతే పేరులోనే ఒక అంకె పెట్టాక దాన్ని ఎవరైనా లెక్క వేస్తారు. గంటకు 9000 కి.మీ. అంటే సెకనుకు 2.5 కి.మీ. దీన్ని కక్ష్యావేగంగా తీసుకుంటే, భూమిచుట్టూ ఇంత నెమ్మదిగా గుండ్రంగా తిరిగే నౌక సుమారు 57 వేల కి.మీ. ఎత్తున ఉండాలి, మన టెలివిజను ఉపగ్రహాలు తిరిగే 36 వేల కి.మీ. కక్ష్యకన్నా ఎంతో పైన. 400 కి.మీ. ఎత్తున ఐతే అంకె 27 వేలు దాటాలి. ఇంటరు విద్యార్థి ఒక చిత్తుకాగితంమీద ఐదు నిమిషాల్లో తేల్చగల లెక్క ఇది.