రెప్పకు కోత, చర్మానికి వాత

వేలాడే పైరెప్పను, సంచులు కట్టిన కిందిరెప్పను సరిచేసే ఆపరేషన్‌ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. జర్మన్ సర్జన్ కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రాఫె 1818లో వాడిన పేరు అది. పైరెప్పలో అదనపు చర్మాన్ని సహజమైన మడత వెంబడే కోసి తీస్తారు. కిందిరెప్ప కొవ్వును లోపలి ఎర్రపొర వైపు నుంచిగానీ, వెంట్రుకల కింద సన్నగా కోసిగానీ తగ్గిస్తారు. కంటి చుట్టూ ఉండే సన్నటి ముడతలు కత్తికి లొంగవు, వాటికి లేజర్ వాడతారు. కొందరికి రెండూ ఒకే పూట చేస్తారు. అంతా కలిపి కొన్ని గంటల పని. ఆ తర్వాతి వారాలు మాత్రం పూర్తిగా ఇంటివాళ్లవే. క్లినిక్ గోడల మీద ‘ముందు’, ‘తర్వాత’ ఫొటోలుంటాయి గానీ మూడో రోజు ఫొటో ఎక్కడా కనిపించదు.

శరీరంలో అన్నిటికంటే పల్చని చర్మం రెప్పలదే. దానికింద నీరు, నెత్తురు ఇట్టే చేరతాయి. రెండు మూడు రోజుల వరకూ వాపు పెరిగి, ఆపైన దిగుతుంది. మొదటి 48 గంటలు చల్లటి తడిగుడ్డ వేస్తూ తీస్తూ ఉండాలి. ఐస్ ముక్క నేరుగా ఆనించకూడదు, మొద్దుబారిన చర్మానికి చలి కాటు తెలియదు. తల కింద రెండు దిండ్లు ఉండాలి. బిందెలెత్తడం, వంగి ఊడవడం, దేవుడి ముందు సాష్టాంగపడటం అన్నీ వాయిదా వేసుకోవాల్సినవే. మలబద్ధకంతో ముక్కినా రెప్పలో నెత్తురు పొంగే ప్రమాదముంది.

మూడో రోజు పొద్దున రెప్పలు ఎండిన రసితో, ఆయింట్‌మెంటుతో అతుక్కుపోయి ఉంటాయి. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డను ఒకటి రెండు నిమిషాలు ఆనించి, పక్కు మెత్తబడ్డాక ముక్కు వైపు నుంచి బయటికి ఒత్తకుండా తుడవాలి. రుద్దితే కుట్టు లాగుతుంది. అప్పటికి కంటి కింద వంకాయ రంగుంటుంది. అది పచ్చబడి, పసుపై, బుగ్గల మీదికి దిగుతుంది. చూడవచ్చిన బంధువులు ముదిరిందని కంగారుపడతారు గానీ నెత్తురు బరువుకు కిందికి జారడం తప్ప అందులో వింతేమీ లేదు. కుట్లు 5 నుంచి 7 రోజుల మధ్య విప్పుతారు. కమిలిన రంగు పోవడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. రెప్పలు ఇంకా బిగుతుగా ఉండటంతో కొందరికి నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదు. వాళ్లు పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి జెల్ వేసుకోవాలి. కాటుక, కాంటాక్ట్ లెన్సులు డాక్టరు ఒప్పుకున్నాకే.

భయపడాల్సింది ఒక్కటుంది, అరుదే అయినా. ఒక కంట్లో మాత్రమే మందులకు లొంగని నొప్పి, కన్ను ముందుకు పొడుచుకురావడం, చూపు మసకబారడం కనిపిస్తే కంటి వెనక నెత్తురు చేరుతోందని అనుమానించాలి. ఆ ఒత్తిడికి కంటి నరానికి రక్తం అందదు. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లో జరుగుతుంది. తెల్లారేదాకా ఆగితే చూపు పోవచ్చు.

ఇక లేజర్ సంగతి. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ పుట్టింది మహారాష్ట్రలోని బారామతిలో. 10,600 నానోమీటర్ల ఆ కిరణాన్ని చర్మంలోని నీరు పీల్చుకుంటుంది, దాంతో పైపొర ఆవిరైపోతుంది. మొత్తం పొర తీస్తే కొత్త చర్మం రావడానికి వారం, పది రోజులు పడుతుంది. చుక్కలు చుక్కలుగా కాల్చి మధ్యలో మంచి చర్మం వదిలే ఫ్రాక్షనల్ పద్ధతిలో ఇంకా తొందరగా మానుతుంది. అప్పటిదాకా వాజ్‌లైన్ పూతతో గాయాన్ని తడిగా ఉంచాలి. పుండు ఆరితేనే మానుతుందన్న మన ఇళ్ల నమ్మకం ఇక్కడ చెల్లదు. పసుపు అద్దడం, పొడిమందు చల్లడం రెండూ చెరుపే చేస్తాయి. ఎప్పుడైనా పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. కాల్చిన చర్మం మీద ఆ పొక్కులు తెచ్చే వైరస్ విజృంభించకుండా మాత్రలు ఇస్తారు.

గోధుమ, చామనచాయ చర్మాలకు అసలు గండం అన్నీ మానాయనుకున్నాక, మూడు నాలుగు వారాలకు వస్తుంది. గాయానికి రంగుకణాలు రెచ్చిపోయి చికిత్స చేసిన మేర నల్లబడుతుంది. తెల్లవాళ్ల చర్మం కోసం రాసిన కరపత్రాల్లో దీనికి ఒక వాక్యమే దక్కుతుంది. నిజానికి తెలుగువాళ్లు డాక్టరుని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. తక్కువ శక్తితో చేయడం, ముందు చిన్నచోట చేసి చూడడం డాక్టరు చేతిలో ఉంది. ఎండ తప్పించుకోవడం మాత్రం రోగి చేతిలోనే ఉంది. చర్మం మూసుకున్నాక సన్‌స్క్రీన్ రోజూ రాయాలి. కంటికి కనిపించే వెలుతురు కూడా నలుపు పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. మే నెల ఎండలో స్కూటర్ మీద తిరిగేవాళ్లు ఈ చికిత్సను చలికాలానికి వాయిదా వేసుకోవడం తెలివైన పని.

నలుపు కనిపించగానే మందుల షాపులో అడక్కుండానే దొరికే తెల్లబరిచే క్రీములు కొనడం మరో తప్పు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెప్పల మీద రోజుల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంట్లో ఒత్తిడీ పెరగవచ్చు. డాక్టరు రాసిన మందుతో, ఎండ పడనివ్వకుండా ఓపిక పడితే మచ్చ నెలల్లో వాడిపోతుంది.

పెళ్లి ముహూర్తానికి నెల ముందు చేయించుకునేవాళ్లకు ఆ నెల సరిపోదు, కనీసం మూడు నెలల ఎడం ఉండాలి. ఒక రెప్ప ఎక్కువ, ఒక రెప్ప తక్కువ వాచడం మామూలే. చర్మం అడుగున కొల్లాజెన్ నెలల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది. అందుకే తేడా కనిపించినా సర్జన్లు సాధారణంగా ఆర్నెల్లు నిండకుండా రెండోసారి కత్తి పట్టరు.