ఊపిరి ముందు, మడమ తర్వాత

2011 ఆగస్టులో దక్షిణ కొరియాలోని దెగులో పదివేల మీటర్ల పరుగుకు కెనెనిసా బెకెలె గీత మీద నిలబడేసరికి, అతను పోటీల్లో దిగి ఏడాదిన్నర దాటింది. 2003 నుంచి వరసగా నాలుగు ప్రపంచ స్వర్ణాలు గెలిచిన దూరమే అది. పిక్క గాయం ఈ ఇథియోపియా వీరుణ్ని అంతకాలం కూర్చోబెట్టింది. ఆ రోజు రేసు మధ్యలో వెనకబడ్డాడు, ట్రాక్ వదిలి పక్కకు తప్పుకున్నాడు.

మూడు వారాలు తిరక్కుండానే బ్రస్సెల్స్‌లో 26 నిమిషాల 43.16 సెకన్లలో గెలిచాడు. ఆ ఏడాది ప్రపంచంలో అంతకన్నా వేగంగా ఎవరూ ఆ దూరం పరిగెత్తలేదు. మూడు వారాల్లో కొత్త సత్తువేమీ పుట్టుకురాదు. పందెంలో పక్కవాడి అడుగుతో అడుగు కలిపే అలవాటు మాత్రం పందెంలోనే తిరిగొస్తుంది. ఆ లెక్కన దెగులో మధ్యలో ఆగిన పరుగు వృథా పోలేదనే చెప్పాలి.

గాయం తర్వాత మోసం చేసేది ఊపిరే. కొన్ని వారాల సాధనతో ఆయాసం తగ్గుతుంది, పరిగెత్తేవాడికి పాత వేగం గుర్తొస్తుంది. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్‌కు రక్తప్రసారం తక్కువ, అది తాపీగా కోలుకుంటుంది. మనవాళ్లు ‘నరం పట్టేసింది’ అని నూనె రాసుకుని మర్నాడే మళ్లీ రోడ్డెక్కేది ఇక్కడే.

ఈ టెండన్ నొప్పికి వాడుకలో ఉన్న కసరత్తు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమను మెట్టు కిందికి మెల్లగా దించాలి. మోకాలు నిటారుగా పెట్టి 15 సార్లు చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మరో మూడు. రోజుకు రెండు పూటలా, 12 వారాలు. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన స్వీడన్ సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కే మడమ నొప్పి ఉండేది. ఆపరేషన్‌కు పైఅధికారి ఒప్పుకోకపోతే, టెండన్ పూర్తిగా తెగితే అయినా కోస్తారని ఈ కసరత్తు మొదలుపెట్టాడట. తీరా నొప్పి పోయింది!

బెకెలెకు 2015లో ఆ అకిలిస్ గాయమే ఎదురైంది. మరుసటి ఏడాది బెర్లిన్ మారథాన్ 2:03:03లో గెలిచాడు. ఆ తర్వాత మళ్లీ మధ్యలో వదిలేసిన రేసులూ ఉన్నాయి. 2019 బెర్లిన్‌లో 37 ఏళ్ల వయసులో 2:01:41. కెన్యా రన్నర్ కిప్చోగే పేరిట అప్పుడున్న ప్రపంచ రికార్డుకు రెండే సెకన్ల దూరంలో ఆగిపోయాడని లోకమంతా ఆ రెండు సెకన్ల గురించే మాట్లాడింది. అసలు చూడాల్సింది వేరే. 30 కిలోమీటర్లు దాటాక తోటి ఇథియోపియన్లు అతన్ని వెనక వదిలేశారు. అతను కంగారుపడి తరమలేదు. తన లయలోనే వెళ్లి వాళ్లను ఒక్కొక్కరినే దాటాడు.

2024 ఏప్రిల్‌లో, 41 ఏళ్ల వయసులో, లండన్‌లో 2:04:15తో రెండో స్థానం. ఆ వేసవిలో పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌కూ వెళ్లాడు, 39వ స్థానంలో ముగించాడు.