పట్టు చీలకముందే

పెరట్లో తేనెపెట్టె పెట్టుకున్న మనిషి పనితనం తేనె తీసే రోజున తెలియదు. పెట్టెలో తేనె అర నిండుగా ఉంటే తేనె ఎవరైనా తీస్తారు. పుప్పొడి జోరుగా వచ్చే కాలంలో పెట్టె కిక్కిరిసి, పాత రాణి సగం మందిని వెంటబెట్టుకుని వెళ్లిపోవడానికి సిద్ధమవుతుంది. ఆ ముందు వారం పది రోజుల్లో ఏం చేశాడన్నదే ఆ మనిషికి పరీక్ష. చీలడం పట్టుకు జబ్బు కాదు, దాని సంతానోత్పత్తి. దాన్ని ఆపాలని చూసేవాడు ఓడిపోతాడు. ఒక అడుగు ముందుండి తన చేత్తో తానే చీల్చేవాడిది పనితనం.

మన పెరళ్లకు అచ్చొచ్చేది దేశవాళీ ఈగ, శాస్త్రజ్ఞుల లెక్కలో ఎపిస్ సెరానా ఇండికా. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, రాతి సందుల్లో చీకటి చూసుకుని పక్కపక్కనే కొన్ని తెట్టెలు కడుతుంది. కొండ ఈగ ఆరుబయట ఒకే పెద్ద తెట్టె వేలాడదీస్తుంది, అందుకే అది పెట్టెలో ఇమడదు. చీకట్లో వరసగా కట్టే గుణమే దేశవాళీ ఈగను మనిషి పెరట్లోకి తెచ్చింది.

పనితనం మొదలయ్యేది వడ్రంగి దగ్గర. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టర్ ఒక సంగతి కనిపెట్టాడు: తెట్టె కట్టే చట్రానికీ పెట్టె గోడకూ మధ్య ఈగ నడవడానికి సరిపోయేంత సందు వదిలితే, ఈగలు ఆ సందును పూడ్చవు, అందులో తెట్టె కట్టవు. మరుసటి ఏడాది దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పెట్టె ఐరోపా ఈగ కొలతలకు చేసింది. మన చిన్న ఈగకు తగ్గట్టు దాన్ని కుదించినది తిరుచ్చిలో ఉన్న న్యూటన్ అనే జెస్యూట్ పాదరీ. 1910ల్లో ఆయన చుట్టుపక్కల వాళ్లకు ఈగల పెంపకం నేర్పాడు. ఆయన పేరుతోనే న్యూటన్ పెట్టె దక్షిణాదిలో వాడుకలోకొచ్చింది: కింద ఏడు చట్రాల పిల్లల అర, పైన పొట్టి చట్రాల తేనె అర. ఈగల మీద ఇంత ధ్యాస పెట్టిన ఇద్దరూ దైవసేవకులే కావడం నాకు సరదాగా అనిపిస్తుంది.

ఆ సందు సుమారు 8 మిల్లీమీటర్లు. తగ్గితే ఈగలు మైనంతో అతికించేస్తాయి. ఐరోపా ఈగలా చెట్ల బంక తెచ్చి పులమడం మన ఈగకు అలవాటు లేదు, మైనమే దాని సిమెంటు. ఎక్కువైతే ఆ ఖాళీలో అడ్డదిడ్డంగా తెట్టె కడతాయి. అప్పుడు చట్రం పైకి లాగితే పక్క తెట్టె చిరిగి, పిల్లలు నలిగి, పట్టంతా రేగుతుంది. ఆరని చెక్కతో, చేతికొచ్చిన కొలతతో చవగ్గా చేసిన పెట్టెలు చూసినప్పుడల్లా నాకు వచ్చే కోపం ఇదే. చట్రం సాఫీగా పైకి రాని పెట్టెలో చీలిక సంగతి ముందుగా పసిగట్టడం కుదరదు.

ఇక పెట్టె తెరవడం. చెయ్యి తిరిగినవాడు ద్వారానికి ఎదురుగా నిలబడడు, ఈగల రాకపోకలకు అడ్డం రాకుండా పక్కకో వెనక్కో ఉంటాడు. పొగ రెండు మూడు సార్లు, అంతే. ఎక్కువైతే ఈగలు తెట్టెల మీద పరుగులు పెడతాయి, చూడాల్సింది కనపడదు. ముందు చివరి చట్రం తీసి పక్కన పెడితే మిగతావి కదపడానికి చోటు దొరుకుతుంది. చట్రాన్ని పెట్టె మీదే పట్టుకుని చూస్తాడు, రాణి జారినా లోపలే పడేలా. రెండో వైపు చూడాలంటే చట్రాన్ని అడ్డంగా వెల్లకిలా వేయడు. ఒక కొస పైకెత్తి పై కర్రను నిలువు చేసి, నిలువుగానే సగం తిప్పి, మళ్లీ అడ్డం చేస్తాడు. తెట్టె బల్లపరుపుగా పడుకునే క్షణం ఒక్కటీ ఉండదు. ఎండ వేళ మెత్తబడి తేనెతో బరువెక్కిన కొత్త తెట్టె ఆ ఒక్క క్షణంలోనే విరిగి పడుతుంది. నిదానంగా చేసేవాళ్ల చేతిలో ఈ మూడు కదలికలూ ఒకటే కదలికగా కనిపిస్తాయి.

చూడాల్సింది తెట్టె కింది అంచు. ముందు పోతు ఈగల గదులు పెరుగుతాయి. మూత మధ్యలో చిన్న రంధ్రం ఉండడం మన ఈగలో వాటి గుర్తు. తర్వాత కింది అంచున వేరుశనగ కాయల్లా రాణి గదులు వేలాడతాయి. గుడ్డు మూడు రోజులు, పురుగు దశ సుమారు ఐదు రోజులు, ఎనిమిదో రోజు ప్రాంతంలో గదికి మూత. మూత పడ్డాక ఆకాశం తేటగా ఉంటే పాత రాణి బయలుదేరవచ్చు. అందుకే ఆ సీజన్లో తనిఖీకీ తనిఖీకీ మధ్య ఏడు రోజులు దాటనివ్వరు.

రాణి గదులు కనపడగానే అన్నీ గిల్లేసి ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. పట్టు మళ్లీ కడుతుంది, మళ్లీ గిల్లాలి. ఈగల గుంపు మాటున దాగిన ఒక్క గది కంటపడకపోతే ఇంతసేపూ చేసిందంతా వృథా. నాకు నచ్చే పని వేరు. పాత రాణిని, పిల్లలున్న మూడు నాలుగు చట్రాలను, వాటి మీది ఈగలతో సహా కొత్త పెట్టెలోకి మార్చి దూరంగా పెడతారు. ఎగరడం నేర్చిన ఈగలు పాత చోటికే తిరిగి వెళ్లిపోతాయి కనుక, పిల్లలను సాకే లేత ఈగలను ఇంకో రెండు చట్రాల నుంచి అదనంగా దులుపుతారు. పాత రాణి ఇల్లు మారుతుంది, ఈగలు కోరుకున్నదీ అదే. తేడా ఒక్కటే: పక్క ఊరి మర్రి తొర్రలోకి పోవాల్సింది మన జామచెట్టు కిందికి చేరుతుంది.

పాత చోట మిగిలిన సగానికి ఒకే ఒక్క రాణి గది వదులుతారు. ఎందుకు ఒక్కటే? రెండు మూడు ఉంటే మొదట పుట్టిన కన్నె రాణి కూడా ఇంకో గుంపుతో లేచిపోతుంది, ఆ తర్వాతది మరో గుంపుతో. చివరికి పెట్టెలో గుప్పెడు ఈగలు మిగులుతాయి. ఏ గదిని ఉంచాలో ఎంచుకోవడంలో కన్ను పనిచేయాలి: పొడుగ్గా, నిండుగా, పైన గుంటలు గుంటలుగా ఉన్నది మేలు. ఆ గది ఉన్న చట్రాన్ని దులపరు, తిప్పరు. లోపలి రాణి కుదుపుకు దెబ్బతింటుంది. ఈగలను ఈకతోనో పచ్చగడ్డితోనో మెల్లగా తోస్తారు. ఆ తర్వాత చేయాల్సిన కష్టమైన పని ఏమీ చేయకపోవడం. కొత్త రాణి పుట్టి, పెట్టె గుర్తులు చూసుకుని, ఆకాశంలో పోతు ఈగలతో జతకట్టి వచ్చి గుడ్లు పెట్టేదాకా పెట్టెను జరపకూడదు, ఊరికే తెరవకూడదు.

అయినా ఏదో ఒక ఏడు ఒక గుంపు తప్పించుకుంటుంది. కొమ్మకు గుత్తిగా వేలాడే ఆ ఈగలు పొట్ట నిండా తేనె తాగి బయలుదేరినవి, కాపాడుకోవడానికి ఇల్లూ లేదు, సాధారణంగా కుట్టవు. ఆ గుత్తి మీద జరిగేది చూడగలిగితే చూడాలి. ఇల్లు వెతికే ఈగలు తిరిగొచ్చి నాట్యంతో దిక్కూ దూరమూ చెబుతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రజ్ఞుడు అలా నాట్యమాడే ఈగల ఒంటిమీద పొగగొట్టాల మసి, ఇటుక పొడి చూసి, ఇవి పూల మీంచి వచ్చినవి కావు, ఇళ్లు చూసి వచ్చాయని గ్రహించాడు. ఏ ఇంటికి పోవాలన్న ఆ నాట్యాల చర్చ తేలేలోపే మనం గుత్తిని అందుకోవాలి. ఈగలు పైకి ఎక్కుతాయి, చీకటి కోరతాయి. కాబట్టి గుత్తికి పైన బోర్లించిన బుట్ట పట్టి, కింది నుంచి కాస్త పొగ తగిలిస్తే చాలు. లోపల నిమ్మగడ్డి రుద్దేవాళ్లున్నారు; ఈగలు తోటివాళ్లను పిలవడానికి వదిలే వాసనకు అది దగ్గర.

సాయంత్రం వాటిని పెట్టెలోకి దించేటప్పుడు వేరే పెట్టె నుంచి తెచ్చిన పిల్లల చట్రం ఒకటి మధ్యలో పెడతారు. ఆకలేసే పిల్లలను వదిలి పోవడం ఈగలకు కష్టం. ద్వారానికి కూలి ఈగలు పట్టి రాణి పట్టని సందుల తడిక బిగించి, పంచదార పాకం పెడితే కొన్నాళ్లకు కుదురుకుంటాయి. చీమలు రాకుండా స్టాండు కాళ్లను నీటి గిన్నెల్లో ఉంచకపోతే మాత్రం ఇదంతా చేసినా లాభం లేదు. చీమలు, మైనపు పురుగు, ఆకలి, వీటిలో ఏది ఎక్కువైనా దేశవాళీ ఈగ చీలదు, ఇల్లు మొత్తం ఖాళీ చేసి పోతుంది.

దొరికిన గుంపు మరీ చిన్నదైతే దాన్ని ఇంకో పట్టుతో కలపడం మేలు. ముందు రెండు రాణుల్లో ఒకదాన్ని తీసేస్తారు. చీకటిపడ్డాక కింది పెట్టె మీద దినపత్రిక ఒక పొర పరిచి, సూదితో నాలుగు చిల్లులు పొడిచి, పైన రెండో పెట్టె పెడతారు. నేరుగా కలిపితే వాసన తేడాకు కొట్టుకుచచ్చే ఈగలు రెండు వైపుల నుంచీ కాగితం కొరుకుతూ దారి చేసుకునేలోగా రెండు పట్ల వాసనా ఒకటైపోతుంది. ద్వారం ముందు కాగితం తుక్కు రాలడం కనిపించాక మరో రెండు రోజులు ఆగి, పై చట్రాలను కిందికి సర్దుకోవచ్చు.