గవ్వల్లో తాళం, గుంటల్లో రాగం

వామనగుంటల పీటకు ఈ వైపు ఏడు, ఆ వైపు ఏడు, మొత్తం 14 గుంటలు. ఈ వైపు వాటికి స రి గ మ ప ధ ని అని పేర్లు పెట్టండి. ఆ వైపు పైషడ్జంతో మొదలుపెట్టి ని ధ ప మ గ రి అంటూ వెనక్కి రండి. ఆ రి దాటితే మళ్ళీ మొదటి స. ఇప్పుడు పిల్ల చేతికి గుప్పెడు చింతగింజలిచ్చి, గుంటకో గింజ వేస్తూ గింజకో స్వరం పాడమనండి. ఆరోహణ, అవరోహణ అన్న పేర్లు తెలియకముందే చెయ్యి ఎక్కడం, దిగడం నేర్చేసుకుంటుంది. తరువాత రెండు వైపులా మ, ని గుంటల మీద ఆకులు కప్పండి. వాటిని దాటుకుంటూ వెళ్ళేది మోహనం దారి. రి, ప కప్పితే హిందోళం దారి. ఏ రిషభం, ఏ గాంధారం అన్నది పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు పాడి అందించాలి. ఔడవ రాగమంటే ఐదు స్వరాలదని ఇక బట్టీ పట్టించే పనేముంది?

ఇంత తెలివైన పాఠ్యపుస్తకం ఇంకొకటి చూపించండి!

తాళానికి పాత శుభలేఖలు చాలు. అనుద్రుతానికి ఒక వేలి వెడల్పు ముక్క, ద్రుతానికి రెండు వేళ్ళు, లఘువుకు జాతిని బట్టి మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది వేళ్ళు. కత్తిరించేది పిల్లలే. కొలత వాళ్ళ వేలిదే. ముక్కలు పేర్చి పది వేళ్ళ పొడుగున్న తాళం కట్టమంటే ఒకడు నాలుగు, రెండు, నాలుగు పెడతాడు. అది చతురశ్రజాతి మఠ్యం. ఇంకొకతె ఏడు, ఒకటి, రెండు పెడుతుంది. అది మిశ్రజాతి ఝంప. పొడుగు ఒకటే, నడక వేరు. పద్నాలుగు వేళ్ళకు చతురశ్రజాతి ధ్రువమూ సరిపోతుంది, ఖండజాతి అటతాళమూ సరిపోతుంది. ఏడు తాళాలు, ఐదు జాతులు కలిస్తే 35 తాళాలని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఇక్కడ నేల మీద పరుచుకుని కనిపిస్తుంది.

ఇక అష్టాచెమ్మా గవ్వలు. నాలుగు గవ్వలు వేస్తే పడేది ఒకటి, రెండు, మూడు, చెమ్మ పడితే నాలుగు, అష్టా పడితే ఎనిమిది. రెండుకు తక, మూడుకు తకిట, నాలుగుకు తకధిమి అనాలి. అష్టాకు తకధిమి రెండుసార్లు. మామ్మ ఆదితాళం వేస్తూ ఉంటుంది. పిల్లలు పడ్డ పందేలను జతులుగా పలుకుతూ రెండావర్తాలకు, అంటే 16 అక్షరాలకు, సరిగ్గా సమం మీద దిగాలి. ఒక్క అక్షరం మించినా పందెం పోయినట్టే. మృదంగ విద్వాంసులు కచేరీలో చేసే లెక్కకు ఇదే ఓనమాలు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్, హంగరీలో కొడాయ్ పిల్లలకు ఆటపాటలతో లయ నేర్పారని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. మెచ్చుకోవలసిందే. కానీ వాళ్ళు పుట్టడానికి చాలా ముందే మన పిల్లల నోట తకిట ఆడింది!

నాకన్నిటికంటే ముద్దొచ్చేది ఊళ్ళ పేర్ల ఆట. కటపయాది లెక్క ప్రకారం క నుంచి ఝ వరకు, ట నుంచి ధ వరకు ఒకటి మొదలు తొమ్మిది. ప నుంచి మ వరకు ఐదు, య నుంచి హ వరకు ఎనిమిది. ఞ, న సున్నాలు. పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తిరగేస్తే మేళకర్త, అంటే తల్లి రాగం, సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ ఐదు, య ఒకటి, తిరగేస్తే 15. ఇప్పుడు మన చుట్టూ ఉన్న ఊళ్ళు చూడండి. వంగర 34, అది వాగధీశ్వరి. సంతకవిటి 67, సుచరిత్ర. రేగిడి 32, రాగవర్ధని. చీపురుపల్లి 16, చక్రవాకం. పాలకొండ 31, యాగప్రియ. సాలూరు 37, సాలగం. మరి మన రాజాం? 82! ఉన్నవే 72 మేళాలు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ రాగాలిచ్చి మనమొక్కరమే బయట నిలబడ్డాం. ఈ మాట చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్విన పిల్లవాడు ఆ లెక్క జన్మలో మరచిపోడు.

ఇదంతా లయకు పుట్టిల్లయిన నేల. 2022లో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది గాని, సంగీతంలో మనం ఎప్పుడూ విజయనగరం వాళ్ళమే. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్ళతో రెండు, తలతో మరొకటి, ఐదూ ఒకేసారి వేసేవారని చెబుతారు. అది మనిషి పనేనా! విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టడానికి కారణం చూపులేని ఒక పిల్లవాడని పెద్దలు చెప్పుకుంటారు. దాసుగారు దానికి తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయింపు విని అధ్యాపకుణ్ణి చేశారట. ఘంటసాల చదివిందీ అక్కడే. శాస్త్రం సంగతి అలా ఉంచండి. గుండెకు తప్పెట కట్టుకుని, కాళ్ళ గజ్జెలతో ఎగురుతూ తాళం తప్పని మన తప్పెటగుళ్ళ కళాకారులు ఏ కళాశాలలో చదివారు?

అటువంటి చోట ఇప్పుడు పుట్టినరోజు కానుకగా ప్లాస్టిక్ కీబోర్డు వస్తోంది. మీట నొక్కితే దరువు దానంతటదే మోగుతుంది. పిల్లవాడు వేలు ఆడించడమే సంగీతమనుకుంటాడు. తాళం యంత్రం వేస్తుంటే వాడి చేతికి ఏం వస్తుంది? గమకం అసలే పలకని ఆ పెట్టెలో శంకరాభరణం వాయించి వీడియో తీస్తే చుట్టాలందరూ చప్పట్లు కొడతారు. బడి వార్షికోత్సవాల్లో రికార్డు పెట్టి పెదవులాడిస్తున్నారు. ఫోన్లో తాళం నేర్పే యాప్‌లు తప్పు చేస్తే ఎర్రగా వెలుగుతాయి గాని, పక్కన కూర్చుని తొడ మీద దెబ్బ వేసి సమం చూపించవు. ఇది నేర్పడం కాదు, నేర్చుకున్నామన్న భ్రమను అమ్మడం. ఇంటి ఆట గొప్పతనమంతా తయారీలోనే ఉంది. అట్ట కత్తిరించినప్పుడే ద్రుతం ఎంతో తెలుస్తుంది. గిన్నెల్లో నీళ్ళు పోసి పుల్లతో కొడితే నీరు పెరిగినకొద్దీ స్థాయి దిగుతుంది. అదే సీసా మూతి మీద ఊదితే నీరు పెరిగినకొద్దీ స్థాయి ఎక్కుతుంది. ఎందుకని పిల్ల అడిగిందా, సగం పాఠం అయిపోయినట్టే. కొనుక్కొచ్చిన పెట్టె ఆ ప్రశ్న పుట్టనివ్వదు.

కాబట్టి రాజాం అమ్మలకు, మామ్మలకు, బడి మేష్టర్లకు నా మనవి ఒకటే. అటక మీది వామనగుంటల పీట దించండి. పెళ్ళి అయిపోయిందని శుభలేఖలు పారెయ్యకండి. వారానికి ఒక్క గంట టీవీ కట్టేసి పిల్లలతో గవ్వలు వెయ్యండి. మీకు సంగీతం రాదంటారా? పదహారు వరకు లెక్కపెట్టడం వచ్చుగా, మొదలుపెట్టడానికి అది చాలు. శ్రుతి చూసే గురువు దగ్గరకు ఆ తరువాత పంపండి. అప్పటికి ఆ పిల్ల ఖాళీ చేతులతో వెళ్ళదు, తాళంతో వెళుతుంది.