చోక్ మార్చే చేతులు
అక్వేరియం లైటులో ట్యూబు మార్చడం ఎవరికైనా వచ్చు. మెకానిక్ పనితనం తెలిసేది చోక్ మార్చేటప్పుడే. ముందు ప్లగ్గు పీకి, కొత్త చోక్ మీద అచ్చయిన బొమ్మ చూసి ఏ వైరు ఏ హోల్డరుకో తేల్చుకుంటాడు. ఎలక్ట్రానిక్ చోక్ అయితే స్టార్టర్ తీసేస్తాడు. 50 హెర్ట్జ్ కరెంటును 20,000 దాటించే ఆ చోక్‌తో మినుకు మాయం. తేమకు పచ్చబారిన రాగి కొసను కత్తిరించి, కొత్తగా ఒలిచి, జాయింటుకు స్లీవ్ తొడుగుతాడు. ఎర్తు వైరును లాగి మరీ చూస్తాడు. నీళ్లపై వేలాడే లైటుకు అదే రక్ష. వైరును సాకెట్ కంటే కిందికి వంపు తిప్పి వదులుతాడు, జారే బొట్టు ప్లగ్గు దాకా పాకకుండా. ఇదంతా ఎందుకు, ఎల్‌ఈడీ కొంటే పోలా అంటారు. కరెంటు ఆదా నిజమే. కానీ మూత, రిఫ్లెక్టరు, ట్యూబు భేషుగ్గా ఉండగా పారేయడం దుబారా. పైగా ఎల్‌ఈడీకీ డ్రైవరుంటుంది, దానికీ తేమ తగులుతుంది. అప్పుడూ పిలవాల్సింది ఇతన్నే.